తోటయింటి ఇగ్వానా: జబ్బు చేసినపుడు సంరక్షణ, గూటి సవరణ



తుక్కుగూడ శ్రీశైలము రోడ్డు మీది ఊరు. 2008 లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట, బయటి రింగురోడ్డు ఈ ఊరి ప్రక్కగా వచ్చిన పిమ్మట, చుట్టుప్రక్కల పొలములు పెక్కు ప్లాట్లుగాను, తోటయిండ్లుగాను మారినవి. నాగలి పట్టిన వారిలో కొందరు నేడు ఆ తోటయిండ్లను కనిపెట్టి చూచుచున్నారు. ఆవును, గేదెను, కోడిని, కుక్కను సాకుట మీకు క్రొత్త కాదు. కాని యజమాని ఒకనాడు గాజు పెట్టె నొకదానిని తెచ్చి వరండాలో పెట్టి, "పిల్లవాడు ముచ్చటపడి కొన్నాడు, నెల రోజులు జర చూసుకో అన్నా" అని చెప్పి పోవును. పెట్టెలో ఆకుపచ్చని బల్లి వంటి జంతువు ఒకటి కదలక పడియుండును. అదియే ఇగ్వానా.

నాలుగు రోజులు గడచును. అది మేత ముట్టదు. కాళ్లు వణకును. ఆదివారము నాడు పిల్లవాడు వచ్చి చూచి ఏడ్చును. నింద మాత్రము మీ మీద పడును. నిజమునకు ఆ జబ్బు మీ చేతిలో పుట్టినది కాదు, ఆ గాజు పెట్టెలో నెలల తరబడి పెరిగినది. దానిని గుర్తించుట ఎట్లు, మొదటి సాయము ఏమి, గూటిని ఎట్లు సవరింపవలెను అను విషయములను ఈ పాఠములో తెలిసికొందము. ఇందులో చాలా భాగము మీరు కోళ్ల వద్దను, పాడిపశువుల వద్దను ఇదివరకే నేర్చినదే.

ఈ జంతువు ఎట్టిది?

ఇగ్వానా మన దేశపు జంతువు కాదు. మెక్సికో మొదలు బ్రెజిలు వరకు గల వేడి అడవులు దీని పుట్టిల్లు. ఎక్కువగా చెట్ల మీద, నీటి ఒడ్డున నివసించును. అంగడిలో కొన్ననాడు జానెడు ఉండును. మంచి పోషణ దొరకినచో తోకతో కలిపి 5, 6 అడుగుల వరకు పెరుగును, పది పదిహేనేండ్లు బ్రదుకును. కొన్ననాటి గాజు పెట్టె దానికి ఏడాదిలోనే చాలదు.

దీనిని గురించి రెండు సంగతులు మరువరాదు. మొదటిది: దీని శరీరములో తనంతట వేడి పుట్టదు. క్రొత్తగా పొదిగిన కోడిపిల్లలను బ్రూడరు బల్బు క్రింద పెట్టి మీరు వెచ్చగా ఉంచుదురు గదా. కోడిపిల్లకు ఆ అవసరము కొన్ని వారములే, ఇగ్వానాకు జీవితాంతము ఉండును. వేడి చాలనిచో తిన్న మేత అరగదు, రోగమును తట్టుకొను శక్తి తగ్గును. 2020 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో చలి ముదిరినపుడు, మయామి వాతావరణ కార్యాలయము వారు చెట్ల మీది ఇగ్వానాలు కొయ్యబారి క్రింద పడవచ్చునని ప్రజలను హెచ్చరించినారు. చలికి ఇది ఎంత లొంగునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

రెండవది: ఇది పూర్తిగా శాకాహారి. మన పెరటి బల్లి, తొండ పురుగులను తినును గనుక ఇదియు తినునని తలచి మిడుతలను, కోడిగ్రుడ్డును, కుక్క బిస్కట్లను పెట్టువారు కలరు. అట్టి మేత నెలల తరబడి పెట్టినచో మూత్రపిండములు చెడును.

జబ్బు గుర్తులు

ఇగ్వానా తన బాధను దాచుకొను జంతువు. అడవిలో బలహీనముగా కనబడినది ముందు శత్రువు నోట పడును గనుక దానికి ఆ అలవాటు కలిగినది. బయటకు జబ్బు కనబడు నాటికే లోపల చాలా దూరము పోయి యుండును. కావున దినమునకు ఒకసారి ఈ క్రింది వానిని చూడవలెను.

దవడ: ఆరోగ్యముగా ఉన్న జంతువు దవడ గట్టిగా ఉండును. వ్రేలితో మెల్లగా తాకినపుడు రబ్బరు వలె మెత్తగా తగిలినను, క్రింది దవడ ఉబ్బినను ఎముకలు కరుగుచున్నవని అర్థము.

కాళ్లు: వెనుక తొడలు గుండ్రముగా, గట్టిగా ఉబ్బును. చూచువారు "బాగా బలిసింది" అని సంతోషింతురు. ఇదే పెద్ద పొరపాటు. తక్కిన ఒళ్లు చిక్కి, నడుము ఎముకలు తేలి, తొడలు మాత్రము లావైనచో అది బలుపు కాదు, వాపు. బలహీనపడిన ఎముకను నిలబెట్టుటకు శరీరము దాని చుట్టు నారవంటి కండను పోయును.

నడక: పొట్ట ఎత్తి నడవవలసినది నేలమీద ప్రాకును. వెనుక కాళ్లను ఈడ్చును. వ్రేళ్లు, కాళ్లు వణకును. వణకు వచ్చినదన్న రక్తములో కాల్షియము ప్రమాదకరముగా తగ్గినదని తెలియవలెను.

కన్ను, నోరు: కన్ను లోతుకు పోయినచో ఒంటిలో నీరు తగ్గినది. నోటిలో పసుపు రంగు పెచ్చులు, చీము ఉన్నచో నోటి పుండు. నోరు తెరచి ఎగశ్వాస తీయుచు నురుగు కార్చుచున్నచో ఊపిరితిత్తులకు జబ్బు తగిలినది.

కుబుసము: ఇది పాము వలె ఒకేసారి కాక ముక్కలు ముక్కలుగా కుబుసము విడుచును. వ్రేళ్ల చుట్టు, తోక కొన చుట్టు పాత చర్మము బిగిసి యుండిపోయినచో రక్తము ఆడక ఆ భాగము నల్లబడి రాలిపోవును.

వీనితో పాటు వారమునకు ఒకసారి వంటింటిది కాని వేరు త్రాసులో తూచి బరువును పుస్తకములో వ్రాయుడు. పాలు పట్టీలో వ్రాసినట్లే ఇదియును. కంటికి కనబడని క్షీణత కాగితము మీద కనబడును.

ఎముకల జబ్బు ఎందుకు వచ్చును?

పెంపుడు ఇగ్వానాలకు అన్నిటికంటె తరచుగా వచ్చునది ఈ ఎముకల జబ్బే. ఈనిన గేదెకు పాల జ్వరము వచ్చి కూలబడుట మీరు చూచియుందురు. పాలలోనికి కాల్షియము పోయి రక్తములో తగ్గుటయే దానికి కారణము. కోడి తోలుగ్రుడ్లు పెట్టుటకు కూడ ముఖ్య కారణము కాల్షియము లోపమే. ఇగ్వానా విషయములోను మూలము అదే.

రక్తములో కాల్షియము తగ్గినపుడు గుండె, కండరములు పనిచేయవు. అందుచేత శరీరము తన ఎముకల నుండియే దానిని తీసికొని వాడుకొనును. ఇల్లు కూలగొట్టి ఇటుకలమ్ముకొని తిన్నట్లు ఈ పని జరుగును. కొన్నాళ్లకు ఎముక మెత్తబడి వంగును, చిన్న దెబ్బకే విరుగును.

ఇందుకు మూడు లోపములు కారణము. మేతలో కాల్షియము చాలకపోవుట ఒకటి. ఎండ తగలకపోవుట రెండు. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మము మీద పడినపుడే విటమిను డి తయారగును. అది లేనిచో తిన్న కాల్షియము ప్రేగుల నుండి రక్తములోనికి ఎక్కదు. వేడి చాలకపోవుట మూడవది. ఒళ్లు వెచ్చగా లేనిచో మేత అరగదు, విటమిను కూడ సరిగా తయారు కాదు. ఈ మూడును ముక్కాలి పీట కాళ్ల వంటివి. ఏ ఒక్కటి లేకున్నను పీట నిలువదు.

ఇక్కడ ఒక సందేహము కలుగును. "పెట్టె కిటికీ దగ్గరే ఉన్నది, ఎండ పడుచునే యున్నది గదా" అని అడుగవచ్చును. గాజు వెలుతురును, వేడిని లోనికి రానిచ్చును గాని ఆవశ్యకమైన ఆ కిరణములను ఆపివేయును. గాజు వెనుక ఎండలో ఏడాది కూర్చున్నను ఇగ్వానాకు విటమిను డి పుట్టదు. పైగా మూసిన గాజు పెట్టెను నేరుగా ఎండలో పెట్టినచో కొద్ది నిమిషములలోనే అది పొయ్యి వలె కాగి లోని ప్రాణి చచ్చును.

మొదటి రోజున చేయవలసినది

జబ్బు గుర్తు కనబడిన వెంటనే యజమానికి తెలియజేయుడు. తరువాత ఈ వరుసను పాటింపుడు.

1. ముందు వెచ్చదనము. జంతువును 28, 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల చోట ఉంచవలెను. చల్లబడిన జంతువుకు మేత పెట్టరాదు. అరగని మేత కడుపులో కుళ్లును.

2. తరువాత నీరు. వెడల్పు తొట్టిలో గోరువెచ్చని నీరు, సుమారు 30 డిగ్రీలది, జంతువు భుజములకు మించకుండ పోసి 15, 20 నిమిషములు అందులో ఉంచుడు. బలహీనముగా ఉన్నచో తలను చేతితో ఆనించి పట్టుకొనవలెను. ఒక్క నిమిషమైనను వదలి పోరాదు. ఈ స్నానములో అది నీరు త్రాగును, మలము విడుచును, అంటుకొన్న కుబుసము నానును. కుబుసమును బలవంతముగా లాగరాదు.

3. మెత్తని చోట క్రిందనే ఉంచుడు. ఎముకలు బలహీనముగా ఉన్న జంతువు కొమ్మ ఎక్కి పడినచో కాలు, వెన్ను విరుగును. ఎక్కు కొమ్మలను కొన్నాళ్లు తీసివేయుడు.

4. పట్టుకొను పద్ధతి తెలిసి పట్టుడు. ఒక చేయి రొమ్ము క్రింద, ఒక చేయి నడుము క్రింద పెట్టి ఒళ్లంతయు ఆనునట్లు ఎత్తవలెను. తోక పట్టినచో తోక ఊడును.

5. నోరు పెగలదీసి మేత కూరరాదు. మెత్తని దవడ విరుగును. మనుషుల నొప్పి మాత్రలు, జ్వరపు మాత్రలు, పశువుల సూదిమందులలో మిగిలినవి వాడరాదు. కాల్షియము సూది అవసరమా, ఎంత వేయవలెను అనునది వైద్యుడే నిర్ణయింపవలెను.

6. ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసికొనిపొండు. తుక్కుగూడ వారికి రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాల దూరము కాదు. బల్లి జాతుల వైద్యము తెలిసినవారు అన్ని చోట్ల ఉండరు గనుక, ముందుగా ఫోను చేసి విచారించి పోవుట మేలు. గాలి రంధ్రములు పెట్టిన అట్టపెట్టెలో పాత తువ్వాలు పరచి, చలికాలమైనచో వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచుడు. తాజా మలమును చిన్న డబ్బాలో తీసికొనిపోయినచో నులిపురుగుల పరీక్షకు ఉపయోగపడును.

వణకు, ఎగశ్వాస, రక్తము కారుట, కాలు విరుగుట, రెండు మూడు రోజులుగా కదలకపోవుట ఉన్నచో అదే దినమున పోవలెను. ఆడ ఇగ్వానా మగదానితో కలియకున్నను పెట్టకోడి వలె గ్రుడ్లు కట్టును. పొట్ట ఉబ్బి, మేత మాని, నేల గీరుచున్నచో తడి మన్ను నింపిన పెట్టెను గ్రుడ్లు పెట్టుటకు ఇయ్యవలెను. గీరి గీరి గ్రుడ్లు పెట్టలేక నీరసించినచో అది వైద్యుడు చూడవలసిన కష్టము.

గూటి సవరణ

మందు జంతువును లేపును, గూడు దానిని నిలుపును. పాత గాజు పెట్టెలోనికే మరల పంపినచో జబ్బు మరల వచ్చును.

పెరిగిన ఇగ్వానాకు 6 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు గల గూడైనను కావలెను. కోళ్ల గూడు కట్టిన చేతికి ఇది కష్టము కాదు. చెక్క చట్రమునకు ప్లాస్టికు పూత గల అరంగుళపు జాలీని బిగింపుడు. పూత లేని తీగకు ముక్కు రాసుకొని పుండు పడును. జాలీ పిల్లిని, ముంగిసను, కుక్కను ఆపును. చీమలు రాకుండ గూటి కాళ్లను నీటి గిన్నెలలో నిలుపుడు.

లోపల జంతువు ఒంటి లావు గల జామ కొమ్మలను ఏటవాలుగా కట్టుడు. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త విషపు మొక్కలు గనుక వాని కొమ్మగాని ఆకుగాని దగ్గరకు రానీయరాదు. నేలమీద పాత వార్తాపత్రికలు పరచి ప్రతి దినము మార్చుడు. ఇసుక, రంపపు పొట్టు, కంకర వేసినచో మేతతో పాటు మింగి ప్రేగు అడ్డుపడును.

గూటిలో అంతట ఒకే వేడి ఉండరాదు. ఒక మూల పై కొమ్మ వద్ద సుమారు 35 డిగ్రీలు, తక్కిన చోట 27 మొదలు 30 వరకు, రాత్రి 23, 24 కు తగ్గకుండ ఉండవలెను. అప్పుడు అది తనకు కావలసిన చోటికి తానే జరుగును. వేడి బల్బునకు జాలీ తొడుగు తప్పక వేయుడు. ఇగ్వానా బల్బును కౌగలించుకొని ఒళ్లు కాలు వరకు కదలదు. చేతి అంచనా చాలదు, రెండు చోట్ల ఉష్ణమాపకములను కట్టుడు.

ఎండ విషయములో మన ప్రాంతము అదృష్టము చేసినది. ఉదయము ఎండలో జాలీ గూటిని అరగంట, గంట సేపు ఉంచినచో ఏ దీపము ఇయ్యలేని మేలు కలుగును. కాని గూటిలో సగము తప్పక నీడ ఉండవలెను. ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలకు పోవును. ఆ దినములలో పెందలకడనే ఎండ చూపి, తరువాత చెట్టు నీడకు మార్చి, తడిపిన గోనెపట్టాలను వ్రేలాడగట్టి, దినమునకు రెండు మూడు సార్లు నీరు చిలుకరింపుడు. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకును అంతకు క్రిందికిని దిగును గనుక సాయంకాలమే ఇంటిలోనికి చేర్చుడు. కరెంటు పోయినచో గుడ్డ చుట్టిన వేడినీటి సీసాలే ఆధారము.

వానాకాలములో వారముల తరబడి మబ్బు పట్టినపుడు అతినీలలోహిత కిరణములిచ్చు ట్యూబు లైటు అవసరము. దీనిని గాజు అడ్డము లేకుండ, తయారుచేసినవారు చెప్పిన దూరములో పెట్టి దినమునకు 12 గంటలు వెలిగించుడు. లైటు వెలుగుచున్నను ఆ కిరణములు క్రమముగా తగ్గును గనుక, తయారీదారులు వ్రాసిన గడువున, సాధారణముగా 6 నెలలకో ఏడాదికో, క్రొత్తది వేయవలెను.

మేత

మీ పెరటిలోనే దీనికి మంచి మేత కలదు. మునగాకు, అవిసె ఆకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూవులు కాల్షియమునకు, పోషణకు మంచివి. వీనికి గుమ్మడి, సొర, బెండ, చిక్కుడు ముక్కలను కొద్దిగా కలుపవలెను. ఆకు అయిదు పాళ్లలో నాలుగు పాళ్లు, కాయ ఒక పాలు అని గుర్తుంచుకొనుడు. సన్నగా తరిగి, ఎండకు ఒళ్లు కాగిన తరువాత ఉదయము పూట పెట్టుడు.

పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర మనకు మంచివే. కాని వానిలోని ఆక్జాలికు ఆమ్లము కాల్షియమును పట్టి ఒంటికి అందనీయదు. కావున వీనిని నిత్యమేతగా పెట్టరాదు. క్యాబేజీ కూడ ఎప్పుడో ఒకసారి కొద్దిగానే. అన్నము, రొట్టె, మాంసము, గ్రుడ్డు, పాలు వద్దు.

మేత మీద చిటికెడు కాల్షియము కార్బొనేటు పొడిని వైద్యుడు చెప్పిన దినములలో చల్లుడు. గ్రుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరిన పొడియు కాల్షియము కార్బొనేటే. తాంబూలపు సున్నమును మాత్రము పెట్టరాదు, అది నోటిని కాల్చును. విటమిను డి మందును ఎక్కువ పోసినను విషమగును గనుక కొలత తప్పరాదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పురుగుమందు చల్లిన చేని ఆకును ఎంత కడిగినను ఈ జంతువుకు పెట్టరాదు. చేనిలో మందు చల్లునది మీరే గనుక ఈ సంగతి మీకు మాత్రమే తెలియును. దీనికొరకు ఒక మునగ చెట్టును, ఒక మందార పొదను మందు తగలకుండ వేరుగా ఉంచినచో చాలును.

చేతుల శుభ్రత

ఆరోగ్యముగా కనబడు ఇగ్వానా మలములో కూడ సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. అది మనుషులకు వాంతులను, విరేచనములను కలిగించును. ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుడు. దాని గిన్నెలను వంటింటిలో కడుగరాదు. అయిదేండ్లలోపు పిల్లలను, గర్భిణీ స్త్రీలను, ముసలివారిని దానికి దూరముగా ఉంచుట క్షేమము.

చట్టము, ఉడుము

ఇగ్వానా అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ గల జాతి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన కేంద్ర నియమముల ప్రకారము దీనిని కలవారు పరివేష్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయవలెను. పిల్లలు పుట్టినను, చచ్చినను, మరియొకరికి ఇచ్చినను తెలుపవలెను. జంతువు మీ చేతికి వచ్చిన నాడే ఆ పత్రము ప్రతిని యజమానిని అడుగుట మీకు రక్ష.

దీనిని చూచి మన చేలలోని ఉడుమును, ఊసరవెల్లిని పట్టి పెంచవలెనని పిల్లలకు తోచవచ్చును. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. ఉడుము మొదటి షెడ్యూలు జంతువు. దానిని వేటాడినవారికి 3 ఏండ్లకు తగ్గకుండ 7 ఏండ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా కలదు. ఎలుకలను, పురుగులను తినుచు ఉడుము చేనికి చేయు మేలు కూడ కొద్దిది కాదు. గాయపడిన ఉడుము కనబడినచో ఇంటికి తేక అటవీశాఖ వారికి తెలుపుడు.

అట్లే, విసుగు పుట్టి ఇగ్వానాను చెరువు గట్టున విడుచుట తగదు. అది చచ్చిపోవచ్చును. బ్రదికినను చిక్కే. ఫ్లోరిడాలో ఇట్లు పెంపుడు స్థితి నుండి వెలికిపోయిన ఇగ్వానాలు పెరిగి కాలువ గట్లను బొరియలతో కూల్చుచున్నవి. ప్యూర్టోరికో దీవిలో పంటలను తినుచున్నవి. పెంచలేనివారు అటవీశాఖ సలహా తీసికొనవలెను.

ఓపిక అవసరము

ఎముకల జబ్బు నెలల తరబడి వచ్చినది గనుక నెలల తరబడియే తగ్గును. ముందు వణకు పోవును, తరువాత మేత మరగును, ఆ పిమ్మట దవడ గట్టిపడును. వంగిన వెన్ను మాత్రము వంగియే యుండును. అంత మాత్రమున అది సుఖముగా బ్రదుకలేదని కాదు. మూత్రపిండములు పూర్తిగా చెడినచో వైద్యుడు బాధలేని మరణమును సూచింపవచ్చును. అప్పుడు యజమానితోను, పిల్లవానితోను నిజము చెప్పుటయే మంచిది.

ఆదివారము పిల్లవాడు వచ్చినపుడు బరువు వ్రాసిన పుస్తకమును వాని చేతికిచ్చి చూపుడు. మునగాకు త్రుంచు పనిని వానికే అప్పగింపుడు. నోరులేని జంతువును కొనుట వేరు, సాకుట వేరు అని పుస్తకములు చెప్పినదానికంటె ఒక రైతు చూపినచో వానికి బాగుగా తెలియును.